వివాద స్థలాల చరిత్ర, వార్తల్లో కచ్చితత్వం: సూరత్ మొఘల్ సరాయి, పాలస్తీనా పటాలు

ఒకే స్థలం మీద రెండు పక్షాలు హక్కు చెప్పుకుంటున్నప్పుడు ఆ స్థలం గతాన్ని పత్రికలు, టీవీ చానళ్లు, సామాజిక మాధ్యమాలు ఎంత సరిగా చెబుతున్నాయన్నది పాత్రికేయ పరిశీలనలో ఎడతెగని చర్చ. ఈ విషయంలో ప్రపంచంలో ఎక్కువ సిరా ఖర్చయింది ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు తమదంటే తమదంటున్న నేల గురించి. గుజరాత్‌లోని సూరత్‌లోనూ ఈ కోవకు చెందిన పేచీ ఒకటి ఒక్క భవనం మేరకు నడిచింది. దాని కొలత చిన్నది, తేదీలు తెలిసినవి, తీర్పు కూడా వచ్చింది. వార్త ఎక్కడ దారి తప్పుతుందో చూడటానికి అది వీలైన ఉదాహరణ కాబట్టి ఈ వ్యాసం అక్కడ మొదలవుతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం మాత్రం పొరపాటు. సూరత్‌లో ఎవరూ ఇల్లు వదిలి పోలేదు. పాలస్తీనాలో 1948 యుద్ధంతో సుమారు 7 లక్షల మంది అరబ్బులు నిర్వాసితులయ్యారు.

సూరత్ మొఘల్ సరాయి

17వ శతాబ్దంలో సూరత్ మొఘల్ సామ్రాజ్యానికి ప్రధాన రేవు. హజ్‌కు వెళ్లే ఓడలు ఇక్కడి నుంచే బయల్దేరేవి కాబట్టి దీన్ని మక్కా ద్వారమనేవారు. ఈ రేవు ఆదాయాన్ని షాజహాన్ తన కూతురు జహానారా బేగంకు ఇచ్చాడు. ఆమెకు సాహిబీ అనే సొంత ఓడ కూడా ఉండేది. ఆమె కొలువులో పనిచేసిన హకీకత్ ఖాన్ అనే అధికారి 1644లో ఇక్కడ ఒక సరాయి కట్టించాడు. అతని అసలు పేరు ఇసాక్ బేగ్ యజ్దీ. ఓడ కోసం ఎదురుచూసే యాత్రికులూ ప్రయాణికులూ దిగడానికి నడుమ పెద్ద ముంగిలి, చుట్టూ గదులతో కట్టిన వసతి అది. ఆ పేటకు ముగలీసరా అన్న పేరు దీన్నుంచే వచ్చింది.

1759లో సూరత్ కోట, 1800లో నగర పాలన ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాయి. 1852లో మున్సిపాలిటీ ఏర్పడింది. 1867 నుంచి దాని కార్యాలయం ఈ సరాయిలోనే ఉంది. 1966లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఇంటి పన్ను, జనన మరణాల నమోదు, నల్లా కనెక్షన్ల వ్యవహారాలకు ఇదే కేంద్రం. లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద బతికే తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాల పిల్లలకు తెలుగు మీడియం బడులు నడిపింది కూడా ఈ కార్పొరేషనే.

ఈ భవనాన్ని వక్ఫ్ ఆస్తిగా నమోదు చేయాలంటూ 2016లో గుజరాత్ రాష్ట్ర వక్ఫ్ బోర్డుకు దరఖాస్తు అందింది. కట్టింది హజ్ యాత్రికుల కోసం, కాబట్టి ఇది ధర్మానికి అంకితమైన ఆస్తి అన్నది దరఖాస్తు సారం. 2021 నవంబరులో బోర్డు ఆ వాదనను ఒప్పుకుని భవనాన్ని వక్ఫ్‌గా ప్రకటించింది. కార్పొరేషన్ గుజరాత్ వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2024 ఏప్రిల్ 3న ట్రిబ్యునల్ బోర్డు ఆదేశాన్ని కొట్టేసింది. ఈ రెండు తేదీల మధ్య కార్యాలయం ఒక్కరోజు కూడా చేతులు మారలేదు.

వార్తల్లో జరిగింది వేరు. 2021 ఆదేశం వెలువడగానే సామాజిక మాధ్యమాల్లో అది కార్పొరేషన్ కార్యాలయాన్ని బోర్డు స్వాధీనం చేసుకుందన్న కథగా మారింది. నమోదు ఒకటి, స్వాధీనం మరొకటి, ఆదేశం మీద అప్పీలుకు వీలుండటం ఇంకొకటి. ఈ మూడూ ఒక్క వాక్యంలో కరిగిపోయాయి. దీనికి ఎదురు కథ కూడా పుట్టింది. అసలా భవనానికీ ముస్లిం యాత్రికులకూ సంబంధమే లేదనీ, బోర్డు గాలిలోంచి హక్కు సృష్టించిందనీ ఆ కథ చెప్పింది. అదీ తప్పే. హజ్ యాత్రికుల సరాయి అన్నది పక్కా చరిత్ర. ఆ చరిత్ర నేటి చట్టంలో యాజమాన్య హక్కు ఇస్తుందా అన్నదే ట్రిబ్యునల్ ముందున్న ప్రశ్న. భవనం పుట్టుక గురించి అక్కడ పెద్ద తగాదా ఏమీ లేదు.

అన్నిటికన్నా మొండి తప్పు కాలానిది. 2024 ఆగస్టు 8న వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చాక దేశమంతటా చర్చల్లో సూరత్ ఉదాహరణ మళ్లీ తిరిగింది. కార్పొరేషన్ భవనం వక్ఫ్ అయిపోయిందని వర్తమాన కాలంలోనే చెప్పారు. నాలుగు నెలల కిందటే ఆ ఆదేశం కొట్టివేతకు గురైందన్న ముక్క చాలా కథనాల్లో లేదు. బోర్డు ఆదేశం ఇచ్చిందనడం నిజమే, తర్వాతి సంగతి చెప్పకపోవడంతో అది తప్పుడు వార్త అయింది. ఆ బిల్లు 2025 ఏప్రిల్‌లో చట్టమైంది. ఎవరి పక్షాన ఉన్నవారైనా ఈ ఉదాహరణ వాడుకోవచ్చు, 2024 ఏప్రిల్ 3న ఏం జరిగిందో కలిపి చెప్పినంత వరకూ.

మణికొండ: తెలుగు నేల మీద ఒక జత

హైదరాబాద్ పత్రికలకు ఈ చిక్కు కొత్తేమీ కాదు. మణికొండ జాగీరులోని హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు 1989 గెజిట్‌లో వక్ఫ్‌గా చూపిన స్థలం 5,506 చదరపు గజాలు. 2006లో వక్ఫ్ బోర్డు తప్పొప్పుల సవరణ పేరుతో దాన్ని 1,654 ఎకరాల 32 గుంటలుగా ప్రకటించింది. అప్పటికే అందులో కొంత భూమిని ప్రభుత్వం ఐటీ, నిర్మాణ సంస్థలకు కేటాయించేసింది. ల్యాంకో హిల్స్ అందులో బాగా పేరుపడ్డది. కేసు ఏళ్ల తరబడి సాగి 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టులో ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది. దర్గా సేవ కోసం నిజాం కాలంలో ఇచ్చిన ఇనాంను భూమినే ధర్మానికి అంకితం చేయడంగా చూడలేమన్నది అందులో కీలకమైన అంశం.

కేసు నడిచిన కాలంలో వార్తల్లో ఒక వర్గం దీన్ని వక్ఫ్ భూముల దోపిడీ అంది, ఇంకో వర్గం ప్రభుత్వ భూమి మీద కబ్జా ప్రయత్నమంది. జాగీరు అంటే శిస్తు వసూలు హక్కా, భూమి హక్కా? సేవకు ఇచ్చిన ఇనాంలో ఇచ్చింది ఆదాయమా, నేలా? వ్యాజ్యం గెలుపోటములు ఆధారపడ్డ ఈ ప్రశ్నలు శీర్షికల్లో కనపడవు. పాత పహాణీ చూసిన రైతుకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. అందులో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. రెండు గళ్లలో రెండు పేర్లున్న ఊళ్లో ఆ పొలం ఎవరిదని అడిగితే జవాబు ఒక్క మాటలో రాదు. వివాద స్థలాల వార్తలు ఎక్కువగా చెడేది ఈ రెండు గళ్లను కలిపేయడం వల్లనే. పాలస్తీనాలో అలాంటి గళ్లు నాలుగైదున్నాయి.

పాలస్తీనా: భూమి లెక్కల చిక్కు

ఒట్టోమన్ సామ్రాజ్యం 1858లో తెచ్చిన భూచట్టం నేలను కొన్ని తరగతులుగా విభజించింది. ముల్క్ పూర్తి సొంత ఆస్తి. వక్ఫ్ ధర్మానికి అంకితమైనది. మిరీ భూమికి అంతిమ యజమాని రాజ్యం, సాగుచేసుకునే హక్కు మాత్రం రైతుది, అది వారసత్వంగా బిడ్డలకు దక్కుతుంది. ఎవరూ సాగుచేయని బీడును మెవాత్ అన్నారు. దారులు, ఉమ్మడి మేతభూముల వంటివి ఇంకో తరగతి. పన్ను పడుతుందనీ, సైన్యంలో చేర్చుకుంటారేమోననీ జంకి చాలామంది పల్లెవాసులు భూమిని తమ పేర నమోదు చేయించుకోలేదు. కొన్నిచోట్ల బేరూత్ వంటి నగరాల ధనికుల పేర్లు దస్తావేజుల్లోకి ఎక్కాయి. సాగుచేసేవాడు ఒకడు, కాగితం మీద ఉన్నవాడు మరొకడు అయ్యాడు. తర్వాత యూదు సంస్థలు కొన్న భూమిలో కొంత భాగం ఈ దూరపు యజమానుల నుంచి వచ్చిందే. అమ్మకం చట్టబద్ధం, కౌలుదారు వీధిన పడ్డదీ నిజం. ఏదో ఒక సగమే రాసే కథనాలు రెండు శిబిరాల్లోనూ కొల్లలు.

జెరూసలెంలోని వక్ఫ్‌లలో పేరున్నది 1552లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ భార్య హుర్రం స్థాపించిన సత్రం. యాత్రికులకూ పేదలకూ అన్నం పెట్టడానికి ఏర్పాటైన దాని పోషణకు పాలస్తీనాలో అనేక గ్రామాల ఆదాయాన్ని రాసిచ్చారు. సూరత్ సరాయి కంటే అది సుమారు 90 ఏళ్లు పాతది. ఒక గ్రామం ఆదాయం వక్ఫ్‌కు చెందడం, ఆ గ్రామంలోని నేల రైతు సాగులో ఉండటం, అంతిమ హక్కు సుల్తాన్‌కు ఉండటం ఏకకాలంలో జరిగేవి. ఇలాంటి నేల గురించి ఒకే రంగుతో పటం గీస్తే అది ఏదో ఒక గడిని చెరిపేసి గీసినట్టే.

నాలుగు పటాల కథ

ఈ రంగంలో అత్యంత ప్రచారం పొందిన చిత్రం పక్కపక్కన పెట్టిన నాలుగు పటాల వరుస. 1946, 1947, 1949 నుంచి 1967 దాకా, ఆ తర్వాతి కాలం. ఒక్కో పటానికి ఆకుపచ్చ తగ్గుతూ తెలుపు పెరుగుతుంది. ఆకుపచ్చ పాలస్తీనా భూమి, తెలుపు ఇజ్రాయెల్ అని సూచిక చెబుతుంది. 2015 అక్టోబరులో అమెరికా చానల్ ఎంఎస్ఎన్‌బీసీ దీన్ని తెర మీద చూపించి, కొద్ది రోజులకే అది వాస్తవాలకు అనుగుణంగా లేదని ప్రేక్షకులకు చెప్పుకుంది. 2016లో మెక్‌గ్రాహిల్ ప్రచురణ సంస్థ ఇదే వరుస ఉన్న తన కళాశాల పాఠ్యపుస్తకాన్ని వెనక్కి తీసుకుంది.

ఒక్కో పటం దగ్గర ఆగి చూడాలి. మొదటి పటంలో తెలుపు యూదుల చేతికి వచ్చిన ప్రైవేటు భూమిని చూపుతుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1945లో గ్రామాల వారీగా తయారు చేసిన గణాంకాల ప్రకారం అది మొత్తం విస్తీర్ణంలో 6 శాతం దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని మినహాయించి మిగతాదంతా ఆకుపచ్చ. అంటే అరబ్ రైతుల సాగుభూమి, ప్రభుత్వ భూమి, నెగెవ్ ఎడారి అన్నీ ఒకే రంగు. రెండో పటం 1947 నవంబరు 29 నాటి ఐక్యరాజ్యసమితి విభజన ప్రతిపాదన. అందులో గీసింది రెండు రాజ్యాల హద్దులు, ఆస్తి హక్కులు కావు. పైగా ఆ ప్రతిపాదన అమలు కాలేదు. మూడోది యుద్ధం తర్వాతి కాల్పుల విరమణ రేఖలు. అప్పుడు వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ పాలనలో, గాజా ఈజిప్టు అధీనంలో ఉన్నాయి. నాలుగోది ఓస్లో ఒప్పందాల తర్వాత పాలస్తీనా అథారిటీకి పౌర పాలన దక్కిన ప్రాంతాలు. మొదటిది ఆస్తి, రెండోది ప్రతిపాదన, మూడోది సైనిక ఆధీనం, నాలుగోది పరిపాలన. నాలుగు వేర్వేరు కొలతలను ఒకే కొలతలా వరుస పేర్చారు.

ఈ లోపాన్ని ఎత్తిచూపినవారిలో కొందరు ఇంకో తప్పులో పడ్డారు. ప్రభుత్వ భూమి అంటే ఎవరికీ చెందని ఖాళీ నేల అనీ, కాబట్టి అరబ్బులు కోల్పోయింది కొద్దేననీ వాళ్ల వాదన. మిరీ భూమిని తరతరాలుగా దున్నిన కుటుంబానికి ఉన్న హక్కు దీంతో లెక్కలోంచి ఎగిరిపోతుంది. పటం తప్పని తేలినంత మాత్రాన అది చెప్పదలచుకున్న నష్టం అబద్ధం కాదు. 1948 తర్వాత పాలస్తీనీయులు వదిలి వెళ్లిన ఆస్తుల లెక్క తీయడానికి ఐక్యరాజ్యసమితి సయోధ్య సంఘం ఒక విభాగాన్నే నడిపింది. గ్రామం, ఖండం, యజమాని పేరు వారీగా సాగిన ఆ పని 1964లో పూర్తయింది. ఆసక్తి ఉన్న విలేకరికి ఆధారాల కొరత లేదు, ఓపిక కొరతే.

జనాభా విషయంలోనూ రెండు వాడుక కథలున్నాయి. యూదులు వచ్చేనాటికి అక్కడ మనుషులే లేరన్నది ఒకటి. హిట్లర్ తర్వాతే యూదులు ఆ నేలలో అడుగుపెట్టారన్నది ఇంకొకటి. 1922 నాటి బ్రిటిష్ జనగణన రెండింటికీ జవాబిస్తుంది. మొత్తం జనం 7,57,182. అందులో ముస్లింలు 5,90,890, యూదులు 83,794. ఒక్క పట్టికతో తీరే తగాదా వందేళ్లుగా నడుస్తోంది.

బ్రిటన్‌లో జరిగిన పరిశీలనలు

వార్తల్లో చరిత్ర లోపించడం వల్ల ప్రేక్షకుడికి ఏమవుతుందో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రెగ్ ఫిలో, మైక్ బెరీ 2004లో ఒక పుస్తకంగా తెచ్చారు. టీవీ వార్తల్లో ఘర్షణ దృశ్యాలే నిండిపోయి, వాటి మూలాలకు చోటు దాదాపు లేదని వారు చూపారు. వారు ప్రశ్నించిన విద్యార్థుల్లో ఆక్రమిత ప్రాంతాలను ఆక్రమించింది పాలస్తీనీయులేననీ, స్థిరనివాసులు కూడా వాళ్లేననీ అనుకున్నవారు ఉన్నారు. బీబీసీ గవర్నర్లు వేయించిన స్వతంత్ర కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. ఉద్దేశపూర్వక పక్షపాతం కనబడలేదనీ, సందర్భం, చరిత్ర చెప్పడంలో మాత్రం లోటు ఉందనీ అది తేల్చింది. రెండు పక్షాల పర్యవేక్షక బృందాలు మాటల ఎంపిక మీద ఎక్కువ పోట్లాడతాయి. తేదీ చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

భారతీయ మాధ్యమాల్లో హైఫా

పాలస్తీనా నేల చరిత్రను మన పత్రికలు ఎక్కువగా తలుచుకునే సందర్భం సెప్టెంబరు 23. 1918లో ఆ రోజున బ్రిటిష్ సైన్యంలో భాగమైన భారత సంస్థానాల అశ్వికదళం హైఫా పట్టణాన్ని ఒట్టోమన్, జర్మన్ దళాల నుంచి పట్టుకుంది. జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్లు ఒకే బ్రిగేడ్‌కు చెందినవారు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాలకు గుర్తు. 2018 జనవరిలో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు.

ఈ వార్తల్లో రెండు పొరపాట్లు ఏటా తిరిగి వస్తాయి. మూడు దళాలూ ఈటెలు పట్టి కలిసి దూకాయని రాయడం మొదటిది. ఆ రోజు పట్టణం మీదికి దూసుకెళ్లింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. జోధ్‌పూర్ దళానికి ముందు నడిచిన మేజర్ దల్పత్ సింగ్ ఆ దాడిలోనే చనిపోయాడు. హైదరాబాద్ దళానికి పాలస్తీనా యుద్ధరంగంలో సేవ ఉంది, హైఫా దాడిని ఆ దళానికి అంటగట్టనవసరం లేదు. భారతీయులు ఇజ్రాయెల్‌కు హైఫాను విముక్తి చేసి ఇచ్చారన్నది రెండోది. 1918కి ఇజ్రాయెల్ రాజ్యమే లేదు, అది ఏర్పడింది 1948లో. సైనికులు పోరాడింది బ్రిటిష్ సామ్రాజ్యం కోసం. పట్టణం వెళ్లింది బ్రిటిష్ సైనిక పాలనలోకి. అంతకు సుమారు ఏడాది ముందు, 1917 నవంబరు 2 నాటి బాల్ఫర్ ప్రకటన యూదులకు జాతీయ నివాసం గురించి మాట్లాడింది, రాజ్యమన్న మాట వాడలేదు. తర్వాతి ఫలితాన్ని ముందటి మనిషి ఉద్దేశంగా రాయడం పాత్రికేయంలో పాత జబ్బు. జోధ్‌పూర్ కుర్రవాడు గుర్రమెక్కింది ఎందుకో అతని జీతం చిట్టా చెబుతుంది.

వీటి పక్కన అంతగా వార్తలకెక్కని భారతీయ స్థలం ఒకటి జెరూసలెం పాత నగరంలో హెరోద్ ద్వారం దగ్గర ఉంది. సూఫీ సంత్ బాబా ఫరీద్ పేరుతో ముడిపడ్డ ఆ ఇండియన్ హాస్పిస్ భారత యాత్రికుల బస. 1924 నుంచి దాన్ని సహారన్‌పూర్ నుంచి వెళ్లిన అన్సారీ కుటుంబం చూసుకుంటోంది. 1967 యుద్ధంలో గుండ్లు పడి దెబ్బతిన్నది. అది కూడా వక్ఫే. కాగితాలు, కట్టడం, నిర్వహించే కుటుంబం మూడూ ఇప్పటికీ కనబడే స్థలం కాబట్టి వంద కథనాల కంటే అక్కడికి ఒక్కసారి వెళ్లిన విలేకరి ఎక్కువ రాయగలడు.

సవరణ, పరిశీలన

2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి తర్వాత మన భాషల్లో తిరిగిన తప్పుల్లో ఎక్కువ భాగం దృశ్యాలవి. సిరియా యుద్ధం నాటి పాత వీడియోలు గాజావిగా, ఆర్మా 3 అనే కంప్యూటర్ ఆటలోని దృశ్యాలు నిజమైన క్షిపణి దాడులుగా వచ్చాయి. వాటిని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే అసలు దొరికితే చాలు. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ ఇలాంటి పరిశీలనలు ప్రచురిస్తోంది. చరిత్ర తప్పును పట్టుకోవడం కష్టం. నాలుగు పటాల వంటి దానిలో విడిగా ప్రతి పటమూ ఏదో ఒక పత్రం నుంచి వచ్చిందే, తప్పు వాటిని జత చేయడంలో ఉంది.

పెద్ద పత్రికలు సైతం ఒత్తిడిలో జారాయి. 2023 అక్టోబరు 17న గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి పేలుడు వార్తను మొదట హమాస్ వర్గాల మాట మీద ఎక్కువగా ఆధారపడి ఇచ్చామని న్యూయార్క్ టైమ్స్ అక్టోబరు 23న సంపాదకుల గమనిక ప్రచురించింది. గమనిక వచ్చేసరికి మొదటి శీర్షిక ప్రపంచమంతా తిరిగి వచ్చింది.

మన దేశంలో ఇలాంటి సవరణలు అడిగే దారి ఇరుకు. 1978 చట్టం కింద పనిచేసే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పత్రికలను మందలించగలదు, జరిమానా వేయలేదు, టీవీ దాని పరిధిలో లేదు. చానళ్ల ఫిర్యాదులు వాటి సొంత సంఘం ఏర్పాటుచేసుకున్న ప్రమాణాల సంస్థకు వెళ్తాయి, సభ్యులు కాని చానళ్లకు ఆ ఆదేశాలు వర్తించవు. డిజిటల్ వార్తలు 2021 ఐటీ నిబంధనల కిందికి వస్తాయి. సూరత్ సరాయి గురించి 2024 ఏప్రిల్ తర్వాత కూడా పాత ఆదేశాన్నే చెప్పిన వీడియో మీద ఫిర్యాదు చేయదలచినవాడు ముందుగా ఈ మూడింటిలో ఏ తలుపు తట్టాలో తేల్చుకోవాలి. దాన్ని ఒక వ్యక్తి తన ఫోనులోంచి పెట్టి ఉంటే ఇందులో మొదటి రెండు తలుపులూ ఫిర్యాదుదారుకు మూసే ఉంటాయి.